గేటు దగ్గర ఆగిన మాట

కొన్నాళ్ళ కిందట ఒక పొద్దున బెండకాయలు తరుగుతూ ఉంటే మా మనవరాలు పక్కన వచ్చి కూర్చుని, ఫోను నా ముక్కు ముందు పెట్టి, "అమ్మమ్మా, జర ఇది చూడు, ఎంత క్యూట్‌గా ఉందో" అంది. ఏమిటా అని కళ్ళజోడు సవరించుకుని చూశాను. పచ్చని పొలం బొమ్మ మీద, పూల తీగల మధ్య, 'పైలం' అని అందంగా రాసి ఉంది. దాని కింద 'జాగ్రత్త అని అర్థం, మరుగున పడిపోయిన మన తియ్యని మాట' అని ఒక వివరణ. నాకు ఒళ్ళు మండిపోయింది. మరుగున పడిపోవడమేమిటి? అంతకు గంట ముందే అమీర్‌పేట మెట్రో మెట్ల కింద ఆ బెండకాయలు తూచి ఇచ్చిన ఆమె, రోడ్డు దాటబోతున్న నన్ను చూసి "పైలం అవ్వా, బండ్లొస్తున్నయ్" అని కేకేసింది. ఆమె బతికే ఉంది, నేనూ బతికే ఉన్నాను, మాట మాత్రం పోయిందని వీళ్ళకు ఎవరు చెప్పారు?

కోపం సంగతి అలా ఉంచితే, అబద్ధమెందుకు, ఆ పేజీ రుచి మరిగాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చే బదులు ఫోను పట్టుకుని కూర్చోవడం అలవాటైంది. శ్రీకాకుళం వైపు ఆడపిల్లను ముద్దుగా గుంట అంటారట, రాయలసీమలో విసుగు పుడితే యాష్టకొచ్చింది అంటారట. ఆ మాట చదివిన రోజు సాయంత్రం దాకా ఇంట్లో అందరినీ 'నాకు యాష్టకొచ్చింది' అని విసిగించాను. ఒకనాడు 'మొగులు' కనిపించింది. ఆకాశం మబ్బు పడితే మా నాన్న వాకిట్లోకి వచ్చి 'మొగులైంది' అనేవాడు, పక్క వాటాలోని వాళ్ళు మూతులు దాచుకుని నవ్వేవాళ్ళు. తీరా చూస్తే అది పాత పద్యాల్లో ఉన్న మాటేనట. నవ్వినవాళ్ళకు పద్యాలు రాకపోలేదు మరి, పద్యాలు చదువుకుని కూడా మమ్మల్ని చూసి నవ్వారు. నాన్న పోయిన ఇన్నేళ్ళకు ఆ సంగతి ఒక ఫోను చెప్పాల్సి వచ్చిందంటే ఎంత కడుపుమంటగా ఉంటుందో మీరే ఆలోచించండి.

మాది సిరిసిల్ల. మగ్గాల మీద బతుకు సాగడం లేదని నాన్న మమ్మల్ని తీసుకుని అమీర్‌పేట వచ్చి, ఇప్పుడు మైత్రీవనం వెనుక హాస్టళ్ళు ఒకదానిమీద ఒకటి లేచిన సందుల్లో ఒకచోట, చిన్న టైలర్ దుకాణం పెట్టాడు. అప్పట్లో ఆ సందుల్లో కోచింగ్ బోర్డులు లేవు, సాయంత్రం వీధిలో మంచం వేసుకుని కూర్చోవచ్చు. నేను పెద్దయ్యాక ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను, ఫైళ్ళకు యాస ఉండదు కనుక నా ఉద్యోగానికి ఏ ఆపదా రాలేదు. ఆపద వచ్చింది మా అక్కకు.

అక్కకు చిన్నపిల్లలంటే ప్రాణం. చదువైపోగానే పంజాగుట్టలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పసిపిల్లల తరగతికి టీచరుగా చేరింది. బడి వదిలాక మిగతా టీచర్లు వరండాలో నిలబడి కబుర్లు చెప్పుకుంటూ ఉంటే, మా అక్క గేటు దగ్గరికి పోయి, బయటికి వెళ్ళే ఒక్కొక్క బిడ్డ గడ్డం పట్టుకుని, "పైలం బిడ్డా, తొవ్వ చూసుకుంట పో" అని సాగనంపేది. మా అమ్మ మమ్మల్ని అలాగే పంపేది, అక్కకు మరో పద్ధతి తెలియదు. పిల్లలు దానికి ఎంత అలవాటు పడ్డారంటే, తీసుకుపోవడానికి వచ్చిన తల్లి చెయ్యి పట్టి లాగుతున్నా, ఆ మాట వినేదాకా గేటు దాటేవాళ్ళు కాదు. నేను ఒకటి రెండుసార్లు అక్క కోసం అటు వెళ్ళి నా కళ్ళతో చూశాను.

అంతవరకు బాగానే ఉంది. పిల్లలు ఆ మాటను ఇళ్ళకు మోసుకుపోయారు. ఆఫీసుకు బయలుదేరిన తండ్రి గడ్డం పట్టుకుని "పైలం నాన్నా" అనడం మొదలుపెట్టారు. ముద్దొచ్చే సంగతి కదా! కాని ఒక తండ్రి బడికి వచ్చి, మా అమ్మాయికి ఇదేం భాష నేర్పుతున్నారండీ అని నిలదీశాడు. ఆయన వెంట ఇంకొందరు చేరారు. పెద్ద టీచరమ్మ అక్కను పిలిచి కూర్చోబెట్టింది. ఆమె కోపగించుకుని ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదేమో. చాలా మెత్తగా, "నీ మనసు మంచిదేనమ్మా, మాటే బాగోలేదు, గేటు దగ్గర నిలబడు, కాని ఏమీ మాట్లాడకు" అందట.

మాట్లాడకుండా పిల్లలను సాగనంపమని చెప్పడం ఎక్కడైనా విన్నారా? మా అక్క అదీ చేసింది. నోరు మూసుకుని ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని వదిలేది. పిల్లలు తలెత్తి చూస్తూ నిలబడిపోయేవాళ్ళట. "గొంతుల ముల్లు ఇరికినట్టు ఉన్నదే అమ్మా" అని ఇంటికొచ్చి అమ్మతో అంది. కొన్నాళ్ళకు ఉద్యోగం మానేసి, నాన్న దుకాణంలో జాకెట్లు కుట్టడానికి కూర్చుంది.

కూర్చున్నది ఊరికే కూర్చోలేదు. పక్కన రేడియో పెట్టుకుని, వార్తలు చదివేవాళ్ళ వెంట ఒక్కొక్క వాక్యం మెల్లగా పలుకుతూ, మిషను తొక్కుతూ, తన నాలుకను తానే మార్చుకుంది. బడివాళ్ళు మళ్ళీ పిలుస్తారని ఆశ. ఎవరూ పిలవలేదు, కాని ఆ తెలుగు అలాగే ఉండిపోయింది. ఇంట్లో సుత రేడియో లెక్క మాట్లాడుతున్నదని అమ్మ గునిసేది. ఇదిగో, నేను రాస్తున్న ఈ తెలుగు కూడా నాది కాదు, ఆఫీసు నేర్పింది. కాని నాకు కోపమొస్తే ఇప్పటికీ మా సిరిసిల్ల బయటపడుతుంది. అక్కకు కోపమే రాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక మధ్యాహ్నం మళ్ళీ ఆ 'పైలం' బొమ్మ కింద జనం రాసిన మాటలు చదువుతూ పోతున్నాను. ఎంత తీపి, ఎంత అందం, మన సంపద అని అందరూ తెగ మురిసిపోతున్నారు. వాటి మధ్య ఒకామె రాసింది: "నేను చిన్నప్పుడు పంజాగుట్టలో చదువుకున్నానండి. మా టీచర్ గారు రోజూ గేటు దగ్గర గడ్డం పట్టుకుని ఈ మాట అనేవారు. ఉన్నట్టుండి ఒక రోజు మానేశారు. నేనేదో తప్పు చేశాననుకుని చాలా రోజులు ఏడ్చాను. ఆవిడ ఎక్కడున్నారో ఎవరికైనా తెలుసా అండీ?"

ఫోను పట్టుకుని కింది వాటాలో ఉన్న అక్క దగ్గరికి దిగాను. అక్క ఒక చీరకు ఫాల్ కుడుతోంది. చదివింది. మళ్ళీ చదివింది. సూది పక్కన పెట్టి, "పిల్లలు అలా అనుకుంటారని నాకు తట్టనే లేదు" అంది. తన అవమానం గురించి ఇన్నేళ్ళలో ఎన్నడూ కన్నీరు పెట్టనిది, ఆ పసిదాని ఏడుపు గురించి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఆ పెద్ద టీచరమ్మను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఎప్పుడో పోయిందని తెలిసినా తిట్టాను.

మనవరాలు ఆ పేజీలోనే ఆమెకు జవాబు రాసి, మా నంబరు పంపింది. సాయంత్రం ఆమె ఫోను చేసింది. గొంతులో వయసు తెలుస్తోంది కాని, "టీచర్ గారూ" అనడం మాత్రం చిన్నపిల్ల అన్నట్టే ఉంది. "తప్పు మీది కాదమ్మా, నన్ను మాట్లాడవద్దన్నారు, అందుకే మాట్లాడలేదు" అని అక్క నింపాదిగా చెప్పింది. అవతల ఆమె బతిమాలుతున్నట్టు, "ఒక్కసారి ఆ మాట అనండి టీచర్ గారూ, వినాలనుంది" అంది.

అక్క నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. నేను, మనవరాలు చూస్తున్నాం. గొంతు సవరించుకుని, మళ్ళీ ప్రయత్నించి, చివరికి, "జాగ్రత్తగా ఉండండి అమ్మా" అంది. "అలాగేనండి" అని అవతల నుంచి చిన్నగా వినిపించింది.

ఫోను పెట్టేశాక అక్క నా వైపు చూసి, "ఎందుకో రావడం లేదు" అంది, అదీ రేడియో తెలుగులోనే. ఈ కాలం పిల్లలు మంచివాళ్ళే, పాత మాటలను వెతికి పట్టుకొచ్చి పూల బొమ్మలు పెట్టి ముద్దు చేస్తున్నారు, వాళ్ళను నేనేమీ అనను. కాని ఆ మాట ఇవాళ ఎవరైనా అనొచ్చు, ఎక్కడైనా అనొచ్చు, మెచ్చుకుంటారు కూడా. అన్నందుకు శిక్ష పడిన మా అక్క ఒక్కతే అనలేకపోతోంది.