రెండో పేజీకి జారిన రెండు లైన్లు

కథ ఎక్కడ ఆగాలో ఎవరికి తెలుస్తుంది? రాసినవాళ్ళకా, చదివేవాళ్ళకా, కాగితానికా? బతుకంతా పుస్తకాలు చదువుతూ గడిపినవాళ్ళకూ ఈ ఒక్కదానికి జవాబు దొరకలేదు. మట్టెవాడలో డీటీపీ షాపు నడిపే విన్సెంట్‌ని అడిగితే మాత్రం, "పేజీ అయిపోయిన కాడ" అంటాడు. అతనికి అందులో అనుమానమేమీ లేదు.

పెండ్లి కార్డులు, దశదినకర్మ పత్రికలు, చర్చి పండుగ కరపత్రాలు టైపు చేస్తూనే విన్సెంట్ తల నెరిసింది. ఎంత కోడిగీతల రాతైనా చదువుతాడు. కానీ చదివింది తలకెక్కించుకోడు. అది కండ్లలోంచి నేరుగా వేళ్ళలోకి దిగిపోతుంది. అందుకే, తను రాసింది ఎవరైనా చదువుతారంటే సిగ్గుపడే స్నేహలత అతని దగ్గరికి ధైర్యంగా వచ్చేది.

స్నేహలత ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో కంప్యూటర్ పని చేస్తుంది. తల్లి మొగిలమ్మ అదే మార్కెట్‌లో మిర్చి కుప్పల ముందు కూర్చుని తాలుకాయ ఏరుతుంది. పిల్లకు కథల పిచ్చి. ఫోన్‌లో ఏ సంకలనం ప్రకటన కనబడినా కథ పంపేది. ఒకదానికి జవాబే లేదు. ఇంకోదానికి "మీ కథ పరిశీలనలో ఉంది" అని వచ్చింది, అది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

ఈసారి వచ్చిన ప్రకటన మెరుపు కథలది. ఒక్కటే పేజీ, పద్నాలుగు సైజు అక్షరం, దాటితే చూడం అన్నారు. స్నేహలత తల్లి మీద రాసింది. కథలో ఒక అమ్మ పొద్దంతా మిర్చి ఏరి ఇంటికొస్తుంది. ఎంత కడిగినా చేతుల మంట పోదు. అన్నం ముందు కూర్చుంటే చెయ్యి నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. బిడ్డ పళ్ళెం లాక్కుని ముద్ద కలుపుతుంది. "నోరు తెరువే" అంటుంది. అక్కడితో ఆపలేదు స్నేహలత. బళ్ళో సారు కథకు నీతి ఉండాలని చెప్పాడాయె. కింద రెండు లైన్లు రాసింది: "తల్లి త్యాగానికి విలువ కట్టేవారెవరు? ప్రతి బిడ్డా ఇది గుర్తుంచుకోవాలి." కథంతా ఒక ఎత్తు, ఆ రెండు లైన్లు ఒక ఎత్తు అనుకుంది. అమ్మకు అందరి ముందూ దండం పెట్టినట్టనిపించింది.

ఆఖరు తేదీనాడు కాగితం విన్సెంట్ చేతిలో పెట్టి, "అంకుల్, సాయంత్రం లోపట జర పంపియ్యి" అని డ్యూటీకి పోయింది. అతను పంపించాడు.

కొన్ని వారాలకు హైదరాబాదు నుంచి మెసేజ్ వచ్చింది. కథ తీసుకున్నారు! ప్రూఫ్ జతచేసి సంపాదకురాలు రాసింది: "ముగింపు చాలా బాగుంది. చెప్పాల్సింది చెప్పకుండా వదిలేశారు. మార్పులుంటే రేపటిలోగా తెలపండి."

నేనేం వదిలేసిన అనుకుంటూ స్నేహలత ప్రూఫ్ తెరిచింది. "నోరు తెరువే" దగ్గర కథ ఆగిపోయింది. మొదటిసారి కథ అచ్చవుతోందన్న సంబరం అక్కడే ఆవిరైంది. ఆటో పట్టుకుని మట్టెవాడకు వచ్చింది.

"ఏందంకుల్, నా కతకు కాళ్ళు నరికినవ్?"

"కాళ్ళెక్కడియి బిడ్డా, రెండు లైన్లు. రెండో పేజీకి జారినయ్. ఫోన్ చేస్తే నువ్వు లేపకపోతివి."

"మార్కెట్ల లొల్లికి ఇనబడలే. అయితే ఆఖరియే తీసేస్తవా?"

"మరి పెండ్లి కార్డుల జాగ లేకపోతె ఏం తీస్తం? పిల్ల పేరు తీస్తమా, పిలగాని పేరు తీస్తమా? 'బంధుమిత్రుల అభినందనలతో' తీస్తం. గదీ గసొంటిదే అనుకున్న."

కార్డు దిద్దుకోవడానికి వచ్చి కూర్చున్న పెద్దమనిషి కిసుక్కున నవ్వాడు. స్నేహలతకు నవ్వు రాలేదు.

"అది మా అమ్మకు పెట్టిన దండం అంకుల్" అంది.

విన్సెంట్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. "అట్లనా" అన్నాడు. ఆమె వైపు తిరిగి, "మల్ల పెట్టుమని రాయి. తప్పు షాపోనిదని రాయి. నాకేం ఫికర్ లేదు" అన్నాడు.

ఇంటికి పోయి స్నేహలత తల్లిని కూర్చోబెట్టింది. కథ మొదటిసారి చదివి వినిపించింది. మొగిలమ్మ గోడకు ఒరిగి, అరచేతులు పైకి పెట్టుకుని వింది. "నోరు తెరువే" దగ్గరికి రాగానే మోచేత్తో ముఖం తుడుచుకుంది. చేత్తో తుడుచుకోదు, మంట కండ్లకంటుకుంటుందని. స్నేహలత ఊపిరి తీసుకుని కింది రెండు లైన్లు మొదలుపెట్టేసరికి తల్లి లేచి పొయ్యి దగ్గరికి నడుస్తోంది.

"అమ్మా, ఇంక ఉన్నదే!"

"ఇంకేమున్నది? ముద్ద పెట్టింది గద" అంది మొగిలమ్మ, కూర గిన్నె దించుతూ.

స్నేహలత చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుంది. తనది కాని పొగడ్త తీసుకోవడానికి మనసొప్పలేదు. ఉన్నదున్నట్టు రాసింది: "మేడం, చివరి రెండు లైన్లు తీసింది నేను కాదు, టైపు చేసిన అంకుల్. కాని అట్లనే ఉంచండి." నవ్వు బొమ్మతో జవాబు వచ్చింది: "అంకుల్‌కి నా నమస్కారాలు చెప్పండి."

సంకలనం వానాకాలంలో వచ్చింది. రచయితలకు తలా రెండు ప్రతులు ఇచ్చారు. ఒకటి అమ్మకు. రెండోది తీసుకుని స్నేహలత మట్టెవాడకు వచ్చింది. మేడం చెప్పిన నమస్కారం చెప్పి, పుస్తకం అతని చేతిలో పెట్టింది.

విన్సెంట్ కండ్లద్దాలు సవరించుకుని పేజీ తీశాడు. ముందు అక్షరం చూశాడు, అంచులు చూశాడు. తర్వాత అతని వేలు కథ కిందికి జారి ఆగింది. పుస్తకం కొలతలో కథ రెండు పేజీలకు వచ్చింది. రెండో పేజీలో సగం తెల్లగా ఉంది.

"అరే, ఇంత జాగ ఉండె గద బిడ్డా!" అన్నాడు. ముఖం చిన్నబోయింది. "రెండు కాదు, పది లైన్లు పడుతుండె."

"ఉండనీ అంకుల్. ఆ జాగ గట్లనే మంచిగున్నది. నువ్వు తియ్యకపోతే నాకు ఎన్నడూ తెలిసేది కాదు."

విన్సెంట్ మళ్ళీ పేజీ వెనక్కి తిప్పాడు. కథ పైనుంచి మొదలుపెట్టాడు. ఈసారి పెదాలు కదులుతున్నాయి. తను టైపు చేసిన కథనే మొదటిసారి చదువుతున్నాడు. ఒకచోట కండ్లద్దాలు తీసి అంగీకి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. చివరిదాకా వచ్చి, ఆ తెల్ల జాగను కాసేపు అట్లాగే చూశాడు.

తర్వాత పుస్తకం మూసి చంకలో పెట్టుకుని లేచాడు. కంప్యూటర్ నడుస్తూనే ఉంది, దాని మీద ఎవరిదో గృహప్రవేశం కార్డు సగంలో ఉంది. "అంకుల్, ఎటు పోతానవ్?" అని స్నేహలత అడుగుతూనే ఉంది. అతను బయటికి నడిచి స్కూటర్ తన్నాడు. వస్తానన్న మాటైనా అనకుండా, ఇన్నేండ్లుగా తనకు వండిపెడుతున్న భార్య ప్రమీలమ్మ ఉన్న ఇంటి వైపు తిప్పుకుని పోయాడు.