మామ రాజు దూకిన నాలుగో ఎత్తు

మొన్న మంగళవారం ఉదయం ఫోనులో చదరంగం ఆడుతూ, రాజును పోకూడని గడిలో పెట్టబోయాను. ఫోను ఎవరినీ పిలవకుండా, రాజును మెల్లగా పాత గడిలోకే పంపింది. నాకు మా మేనమామ గుర్తుకు వచ్చాడు.

ఆయన బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. నా ఎనిమిదో ఏట, క్వార్టర్ గడప దగ్గర, చెరకు పిప్పి వాసన మధ్య నాకు ఆట నేర్పాడు. అది దేశవాళీ ఆట. బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది. రాజు మాత్రం ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. "రాజన్నంక ఒక్కపారన్న గుర్రమెక్కాలె గద అల్లుడా" అనేవాడు.

నిజామాబాద్‌లో జిల్లా పోటీ జరిగినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఆయనకు యాభై ఏడు. క్రషింగ్ సీజన్‌లో సెలవు దొరకదు గనుక తోటివాళ్లు షిఫ్టులు మార్చుకొని ఆయనను మూడు రోజులు పంపారు. రాజు దూకడం చెల్లని పోటీ నియమాలను నెల రోజులు నా దగ్గరే నేర్చుకొని, ఐదు ఆటల్లో ఒక్క పొరపాటూ చేయలేదు. ఆరో ఆటలో ఎదురుగా కూర్చున్నది నేను. గెలిచినవాడు హైదరాబాదుకు, రాష్ట్ర పోటీకి వెళతాడు.

ఆయనవి తెల్ల కాయలు. మొదట రాజు ముందరి బంటు, తరువాత గుర్రం, మూడో ఎత్తున ఆ గుర్రం విడిచిన గడి ముందరి బంటు ఒక గడి. ఇంట్లో వందలసార్లు చూసిన ఆరంభమే. నాలుగో ఎత్తున ఆయన చెయ్యి రాజును తీసి, ఆ బంటు ఖాళీ చేసిన గడిలోకి దూకించింది. పరాయివాళ్ల ముందు గుర్తున్న నియమం నా ముందు ఎలా మరిచాడో ఏ లెక్కకూ అందదు. నన్ను చూసి ఇల్లే అనుకున్నాడేమో. నేను గడియారం ఆపి, చెయ్యెత్తి నిర్ణేతను పిలిచాను. ముట్టిన రాజునే కదపాలన్నాడు. రాజుకు మిగిలింది ముందరి గడి ఒక్కటే. ఇరవై మూడో ఎత్తుకు మామ ఓడిపోయాడు. చెయ్యి కలుపుతూ, "మంచిగనే పిలిచినవ్ అల్లుడా. నువ్వు నేర్పితివి, నేనే మర్శిపోతి" అన్నాడు. బోధన్‌లో షిఫ్టువాళ్లు అడిగితే, అల్లుడు హైదరాబాద్ పోతున్నాడని మాత్రమే చెప్పాడట.

హైదరాబాదులో నేను ఏడు ఆటల్లో ఐదు ఓడాను. తరువాత పదకొండేళ్లు ఏటా మామతో ఆడాను. ప్రతిసారీ పోటీ నియమాలే. ఒకసారి ఉండబట్టలేక, ఇది ఇల్లే కదా, దూకించమన్నాను. ఆయన రాజు తలను వేలితో నిమిరాడు. "వద్దు తియ్ అల్లుడా. దానికి అలవాటు తప్పింది."

పోటీ ఆట ఎన్ని ఎత్తులకు ముగిసిందో అక్కడికక్కడే రాసుకోవచ్చు. రాజు దూకే మా గడప దగ్గరి ఆటను చివరిసారి ఏ రోజున ఆడామో మాత్రం నా దగ్గర తేదీ లేదు. అది చివరిదని ఆ రోజున మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు.