ఆమె ఆంపూల్, నా గుడ్ల సొన

ఎనభైల్లో రాయపూర్‌లో నేను రీసెర్చి చేసేటప్పుడు మా లాబ్‌లో తెలుగువాళ్లం ఇద్దరమే. ఆమె తల్లి మిషన్ ఆసుపత్రిలో నర్సు, వాళ్లది గుంటూరు వైపు. మా నాన్న రైల్వేలో గుమాస్తా, బొబ్బిలి నుంచి వచ్చినవాడు. ఇద్దరం ఒకే ఏడు ఒకే సర్ దగ్గర చేరాం. అందరితో హిందీ, మాలో మేం తెలుగు. మమ్మల్ని అక్కచెల్లెళ్లనేవారు. మొదటి ఏడాది ఆ మాట నాకు బాగానే ఉండేది.

మా పని జీవకణం చుట్టూ ఉండే పొర మీద. ఆ పొర ఫాస్ఫోలిపిడ్ అనే ఒక రకం కొవ్వుతో తయారవుతుంది. దాన్ని కోడిగుడ్లలోంచి తీసే పని నాకు పడింది. శంకర్ నగర్‌లో మూడేసి డజన్లు కొని, పచ్చసొన వేరుచేసి, ఎసిటోన్‌తో కడిగేదాన్ని. వారమంతా చేస్తే సీసా అడుగున చెంచాడు జిగురు మిగిలేది. ఇంటికెళ్తే నీచు వాసనని, స్నానం చేస్తేగాని అమ్మ వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు.

అలా ఉండగా సర్‌కి విదేశం నుంచి ఒక పార్సిల్ వచ్చింది. ఆంపూల్‌లో, అంటే మూతి కరిగించి మూసేసిన చిన్న గాజు గొట్టంలో, చిటికెడు తెల్లపొడి. అదీ ఫాస్ఫోలిపిడ్డే, కాని దాని అణువుకి తోకల్లా వేలాడే పొడవాటి గొలుసుల్లో మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, పెట్టారు. ఎన్.ఎం.ఆర్. యంత్రంలో ఆ డ్యుటీరియాన్ని విడిగా పట్టుకుని, పొరలో తోకలు ఎలా కదులుతున్నాయో చూడొచ్చు. యంత్రం కోసం బెంగుళూరు వెళ్లాలి. సర్ ఆంపూల్‌ని నేరుగా ఆమె చేతిలో పెట్టారు. గుడ్ల పనికి నీ చెయ్యి బాగా కుదిరిందని నాతో అన్నారు.

ఆ రోజు నుంచి ఆమె ఏం చేసినా నాకు కంటగింపే. ఫ్రీజర్ తలుపు తీసి ఆంపూల్ ఒకసారి చూసి మూసేది, అంతే. నాకు కడుపు మండేది. వాళ్లమ్మ పంపిన కేకు పెడితే తలనొప్పని తినలేదు.

మే నెలలో ఒకరోజు, తల్లికి జ్వరమని ఆమె రాలేదు. పది గంటలకి కరెంటు పోయింది. మధ్యాహ్నానికి ఫ్రీజర్ లోంచి నీళ్లు కారుతున్నాయి. నేను రిక్షాలో దేవేంద్ర నగర్ వెళ్లి బరఫ్, అదే ఐసు, తెచ్చి, పెద్ద థర్మాస్‌లో నింపి నా సీసా అందులో పెట్టుకున్నాను. ఇంకా వేలెడంత చోటుంది. ఆంపూల్ చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్లీ అక్కడే పెట్టి తలుపు మూశాను.

మర్నాడు ఆమె రాగానే కరెంటు సంగతి చెప్పాను. థర్మాస్‌లో నాది ఒక్కటే పట్టిందని అబద్ధం చెప్పి, ఆమె ముఖంలోకి చూశాను.

"దానికేం కాదులేవే," అంది. "దాని తోకల్లో డబుల్ బాండ్లు లేవుగా, గాలికి పాడవదు. నెల్లాళ్లు పోస్టులో ఎండలోనే పడొచ్చింది. నీ గుడ్ల కొవ్వే పాపం తొందరగా చెడిపోతుంది. ఎలా ఉందది?"

అది నేనూ చదివిందే. ఆ మధ్యాహ్నం ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. తీసి చూస్తే నా సీసా మూత వదులై నీళ్లు దిగాయి. జిగురు రంగు మారి ముక్కిపోయిన నూనె వాసన కొడుతోంది. రెండు నెలల పని. ఆ రోజంతా ఆమె తన పని మానుకుని నా పక్కన కూర్చుని గుడ్లు కొట్టింది. ఆంపూల్ కన్నా ఆ సాయమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె బెంగుళూరు వెళ్లి రెండు కొమ్ముల్లా లేచిన గ్రాఫు తెచ్చింది. సర్ దాన్ని గోడకి అంటించారు. పేపరు అచ్చయినప్పుడు చివర, నమూనాలు జాగ్రత్తగా చూసినందుకని నాకు కృతజ్ఞతలు రాసింది. నిజం చెబుదామని రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ ఇచ్చిన టీ తాగి తిరిగొచ్చాను.

నా థీసిస్ గుడ్ల మీదే పూర్తయింది, కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది. ఆమె నాగపూర్ వెళ్లిపోయింది. తన కొత్త లాబ్ గురించి వివరంగా ఉత్తరాలు రాసేది. వాటిని రెండేసి రోజులు విప్పకుండా బల్ల మీద ఉంచేదాన్ని.