మామ దూకింది ట్రైలర్‌లో లేదు

మా మేనమామ పోయిన నెల సిరిసిల్లలో చనిపోయాడు. మరమగ్గాల షెడ్డులో సాంచెలు నడుస్తుండగానే గుండె ఆగింది. పాడె దగ్గర ఒకాయన నా చెవిలో, "కుంటి ఫైటర్ పోయిండా, పాపం" అన్నాడు. బతికుండగా ఆ పాపం అన్న మాట ఎవరూ చేర్చలేదు.

నాకు సినిమా చూడటం నేర్పింది మామే. కొత్త ట్రైలర్ వస్తే హోటల్ బల్ల మీద ఫోన్ నిలబెట్టి, చాయ్ చల్లారేదాకా చూసేవాడు. మెచ్చుకున్నది తక్కువ. "కొట్టినోన్ని గాదుర, పడ్డోన్ని చూపియ్యాలె. పడకుంటే దెబ్బ ఎక్కడిది?" అనేవాడు. కథంతా విప్పేసిన ట్రైలర్ కనబడితే, "తొక్కు ఏలికి రాసి నాకియ్యాలె గని, జాడీ బోర్లిస్తే హాలుకు ఎవడొస్తడు?" అని తిట్టేవాడు.

జగిత్యాల కుర్రాళ్లు కొందరు ఫైట్ల సినిమా తీస్తూ, ఈ మాటలు విని మామను ఫైట్ మాస్టర్‌గా పిలిచారు. షూటింగ్ కోరుట్లలో. గోదాం కప్పు మీది నుంచి పక్క కప్పు మీదికి హీరో దూకాలి. హీరో అంచు దాకా వచ్చి ఆగిపోయాడు. మామ అతని చొక్కా తొడుక్కుని పరుగెత్తి దూకాడు. అంత లావు మనిషి పిట్టలా తేలిపోయాడు. దిగినప్పుడు ఎముక విరిగిన చప్పుడు కింద ఉన్న నాకు వినబడింది. అయినా లేచి, హీరో నడవాల్సిన నాలుగడుగులు నడిచి, కెమెరా ఆగాకే కూలబడ్డాడు. ఒక మనిషి అంత అందంగా చేసిన పని నేను మళ్లీ చూడలేదు.

ట్రైలర్ పని జగిత్యాలలో పెళ్లి వీడియోలు చేసే ఎడిటర్‌కు ఇచ్చారు. ఫంక్షన్ హాల్లో తెర కట్టి వేశారు. మామ కట్టు కట్టిన కాలుతో ముందు వరుసలో కూర్చున్నాడు. మొదట డ్రోన్‌లో ఊరు. తర్వాత హీరో చుట్టాలు వరసగా దండాలు పెడుతూ. గుద్దు పడ్డ చోటల్లా గులాబీ రేకులు. విలన్ చావు కూడా అందులోనే చూపించేశాడు, మహానుభావుడు. ఇక మామ పరుగెత్తుకొచ్చాడు, కప్పు అంచు దాటాడు, అంతే, తెర నిండా హీరో పెదనాన్న నవ్వు ముఖం. ఆ నవ్వు అయిపోయేసరికి హీరో అవతలి కప్పు మీద చొక్కా దులుపుకుంటున్నాడు.

"నిచ్చెనేసుకొని దిగిండు పో!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. హాలంతా పొర్లి పొర్లి నవ్వింది.

"నేను దుంకింది ఏదిరా?" అని మామ ఎడిటర్‌ను అడిగాడు.

"పెండ్లి వీడియోల ఎవ్వరి మొఖం పోయినా లొల్లే గదనే అన్నా. పెదబాపు అలుగుతడని ఆడ పెట్టిన."

"నా కాలు పెండ్లిల ఇరగలేదురా."

నవ్వులపాలైన సినిమా బయటికే రాలేదు. పెళ్లిళ్ల సీజన్ రాగానే ఎడిటర్ షూటింగంతా చెరిపేసి కంప్యూటర్‌లో జాగా చేసుకున్నాడు. మిగిలింది ట్రైలరే. కాలు ఎలా విరిగిందని అడిగినవాళ్లకు మామ దాన్నే చూపించేవాడు. "ఏది, ఎక్కడ దుంకినవ్?" అని నవ్వేవారు. తాగి మురుగు మోరీలో పడ్డాడని వాడకట్టు తేల్చేసింది. నేను చూశానంటే, "మేనల్లునివి, గట్లనే అంటవ్" అన్నారు. అత్త కూడా మోరీనే నమ్మింది. మామ చచ్చేదాకా ఆమెను నమ్మించలేకపోయాడు.

దినాల రోజు అదే ఎడిటర్ శ్రద్ధాంజలి వీడియో చేసి పంపాడు. పూలు రాలుతుండగా ట్రైలర్‌లోని మామ పరుగెత్తుకొచ్చాడు, అంచు దాటాడు. వెంటనే చుట్టాలం మేము, ఒకరి తర్వాత ఒకరం, దండాలు పెడుతూ. ఎవరి ముఖమూ తప్పలేదు.

అత్త చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుంది. "నిజం చెప్పు అల్లుడా, దుంకిండా?"

"దుంకిండు అత్తా. కాలు ఇరిగినంక గూడ లేచి నడిచిండు."

ఆమె వేలితో వీడియోను వెనక్కి జరిపింది. మామ మళ్లీ పరుగెత్తుకొచ్చాడు. కాళ్లు కప్పు వదిలి గాలిలోకి లేవగానే ఆపేసింది. మాలో ఎవరి ముఖాన్నీ రానివ్వలేదు.