బతికున్నవాళ్ల కోసం వేసిన గుడారం

మా తోక్‌మోక్‌లో ఎవరైనా పొద్దున్నే వచ్చి బురుల్సున్ ఎజె తలుపు తట్టారంటే, ఏదో ఇంట్లో మనిషి పోయారన్నమాటే. ఆమె దగ్గర ఒక పెద్ద ఉన్ని గుడారం ఉంది. బతికినన్నాళ్లూ ఇటుక ఇంట్లో రేకుల కింద బతికినా, పోయిన మనిషి ఆఖరి మూడు రోజులూ ఉన్ని కప్పు కిందే పడుకోవాలి కదా. అందుకని ముప్పై ఏళ్లుగా ఆ గుడారం వీధి వీధీ తిరుగుతూనే ఉంది. తలుపు తట్టినవాడు గుమ్మంలో నిలబడి మాట కోసం వెతుక్కుంటూంటే, ఎజె ఆ మాట వాడిచేత అనిపించేది కాదు. "లోపలికి రా నాయనా. ముందు టీ తాగు. ఈలోగా తాళ్లు నేను తీస్తాను" అనేది.

ఎజె అంటే అక్క. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను అలాగే పిలుస్తారు. మొదట్లో గాజు ఫ్యాక్టరీ వంటశాలలో పనిచేసింది. భర్త పోయినప్పుడు గుడారం అద్దెకు దొరక్క పక్క ఊరినుంచి తెప్పించుకోవాల్సి వచ్చిందట. ఇంకెవరికీ ఆ తిప్పలు ఉండకూడదని, ఏడాది తిరిగేలోగా ఉన్ని కొని, కొట్టి, పరిచి, తనే ఒకటి తయారు చేసుకుంది. ఉండేది మాత్రం రెండంతస్తుల మేడలో ఒక్క గది. గుడారం కిందనున్న కొట్టుగదిలో పడుకునేది.

ఆమెతో తగువు పెట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. ఎవరు ఏమన్నా "నిజమే" అంటుంది. కోపంతో నాలుగు మాటలు సిద్ధం చేసుకుని వచ్చినవాడికి మొదటి మాటకే "నిజమే" అని వినబడితే, మిగతా మూడూ ఏం చేసుకోవాలో తోచదు.

నా రొట్టెల పొయ్యి వీధి మలుపులో, బస్సు ఆగేచోట ఉంది. ఎజె రోజూ నా దగ్గర ఎనిమిది రొట్టెలు కొనేది. ఒంటరి మనిషికి ఎనిమిదెందుకని నేనెప్పుడూ అడగలేదు. స్నానశాల వెనక, వేడినీళ్ల గొట్టాలు పోయేచోట, నలుగురు ఇల్లులేనివాళ్లు పడుకుంటారని మా అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడం కూడా మాకు బాగా తెలుసు. ఆమె అక్కడికి వెళ్లి, "లెక్క తప్పి ఎక్కువ కొన్నాను. రేపటికి ఎండిపోతాయి. కాస్త సాయం పట్టండి" అనేది. నాలుగు చలికాలాలు రోజూ లెక్క తప్పింది. అల్లా ఆమె లెక్కను ఏ వరసలో రాసుకున్నాడో ఆయనకే తెలియాలి.

ఆ నలుగురిలో పెద్దవాడు ఎసెన్‌కుల్. ఒకప్పుడు గొర్రెల కాపరి. అంతకుముందు చలికాలంలో ఆయన కాలివేళ్లు రెండు పోయాయి.

ఆ ఏడు ఆకురాలేవేళ పట్టణ కార్యాలయంనుంచి ఒక కబురు వచ్చింది. ఆ నలుగురికీ పొయ్యి ఉన్న రెండు గదుల ఇల్లు కడతారు. చోటు మాత్రం మా వీధివాళ్లే చూపించాలి. ఆ చోటికి ఆనుకుని ఉన్న ఇంటి యజమాని సంతకం పెట్టాలి. ఫలానా శుక్రవారంలోగా కాగితం అందకపోతే ఇల్లు ఊరవతల ఇటుక బట్టీలు దాటాక కడతారు. అక్కడ నీళ్లు లేవు, బస్సు లేదు. ఎసెన్‌కుల్ ఆ కాళ్లతో అక్కడినుంచి నడిచి రాలేడు, అక్కడ ఉండనూ లేడు. మళ్లీ గొట్టాల దగ్గరికే చేరతాడు. ఇంకో చలికాలం ఆ గొట్టాల దగ్గర ఆయన దాటడని ఎజెకు తెలుసు.

మసీదు పెరట్లోనే కట్టమని ఇమాముగారు అన్నారు గానీ, కింద గ్యాస్ గొట్టం ఉందని కార్యాలయంవాళ్లు కాదన్నారు. సరే, నమాజు అయ్యాక అందరం ఆ పెరట్లోనే కూర్చున్నాం.

"ఇల్లు కట్టాల్సిందే" అన్నాడు కొట్టు నడిపే కెంజెబెక్. "మనమేమన్నా రాళ్లమా? కానీ నా కొట్టు ముందు మాత్రం కాదు. వచ్చేవాళ్లు జంకుతారు."

"నిజమే" అంది ఎజె.

"బడి దగ్గర కూడా వద్దు" అంది పంతులమ్మ. "పిల్లలు అడుగుతారు."

"ఏమడుగుతారమ్మా?"

"వీళ్లకి ఇల్లు ఎందుకు లేదని."

"నిజమే. అడుగుతారు."

అప్పుడు జుమాకదిర్ బైకె లేచాడు. బైకె అంటే అన్న. ఆయన ముప్పై రెండేళ్లు బస్సు నడిపాడు. ఇంజను చప్పుడుని మించి మాట్లాడీ మాట్లాడీ, బస్సు దిగాక కూడా ఆ గొంతు దిగలేదు. ఆయన ఇంటి పక్కనే పాత పాలకొట్టు పడగొట్టిన ఖాళీస్థలం ఉంది. చదునుగా, ఎండ పడుతూ, కుళాయికి దగ్గరగా ఉంటుంది. దాన్ని ఆనుకుని ఆయన స్వయంగా కట్టుకున్న తెల్లటి గోడ.

"ఊళ్లో ఎక్కడైనా కట్టుకోండి" అన్నాడు. "నా గోడ వంక మాత్రం ఎవరూ చూడకండి."

"ఎవరు చూస్తున్నారు బైకె?" అన్నాడు కెంజెబెక్.

"అందరూ చూస్తున్నారు. ఇందాకట్నుంచీ ఇమాముగారు కూడా చూస్తున్నారు."

"నేను మక్కా వైపు చూస్తున్నాను" అన్నారు ఇమాముగారు. "మీ గోడ అటే ఉంది. నేనేం చెయ్యను?"

ఆ రోజు అలా నవ్వులతో గడిచిపోయింది, చోటు మాత్రం తేలలేదు. సోమవారం జుమాకదిర్ బైకె చలికాలపు మాంసం తెచ్చుకోవడానికి అత్-బాషీలో ఉన్న తమ్ముడి దగ్గరికి బస్సెక్కాడు. మంగళవారం తెల్లారేసరికి గడ్డకట్టే మంచు పడింది. ఎజె రొట్టెలు పట్టుకెళితే ఎసెన్‌కుల్ లేచి కూర్చోలేకపోయాడు. ఆమె తన శాలువా ఆయన కాళ్లకు చుట్టి, నేరుగా మసీదుకి వచ్చి మమ్మల్నందర్నీ పిలిపించింది.

మళ్లీ కూర్చున్నాం. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, రానివాళ్లెవరా అని లెక్కపెట్టుకున్నాం. రానిది ఒక్క జుమాకదిరే.

"జుమాకదిర్ బైకె గోడ పక్కన చోటు ఎంత బాగుంటుంది" అన్నాడు కెంజెబెక్, అప్పుడే కనిపెట్టినట్టు.

మా వీధిలో అంత ఐకమత్యం నేను అంతకుముందు చూడలేదు. చేతులన్నీ లేచాయి. నాదీ లేచింది, అల్లా క్షమించాలి. ఆడవాళ్లవైపు కూర్చున్న శైరకాన్ మాత్రం చెయ్యెత్తలేదు. ఆమె జుమాకదిర్ భార్య. అందరం అటు తిరిగాం.

"గోడ కట్టింది ఆయన" అంది శైరకాన్ నెమ్మదిగా. "ఏటా సున్నం కొట్టేది నేను. అంటే సగం నాదేగా. నా సగం పక్కన గుడారం వేసుకోండి. ఇంటి సంగతి ఆయన వచ్చాక చూద్దాం."

"నీ సగం ఎటువైపమ్మా?" అంది ఎజె.

"గేటు వైపు."

"ఆయనకి ఒక మాట చెప్పాలి కదా. నేనే ఫోను చేస్తాను" అంటూ ఎజె నంబరు నొక్కింది. శైరకాన్ జేబులోంచి మోగింది. ఆయన ఫోను దిండు కింద మరిచిపోయి వెళితే, ఈమె తీసి జేబులో వేసుకుందట.

బుధవారం గుడారం లేచింది. ఎజె తాళ్లు కట్టింది. శైరకాన్ పరుపులు తెచ్చింది. మొదటిరోజు జంకు గురించి మాట్లాడిన కెంజెబెక్ పొయ్యి, బొగ్గుల బస్తా తెచ్చి, ఎవరి కంటా పడకుండా పెట్టేసి పోబోయి ఎజెకే దొరికిపోయాడు. నలుగురూ లోపలికి వెళ్లారు. ఎసెన్‌కుల్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, వాటిని జతగా సర్ది పెట్టి మరీ వెళ్లాడు.

మేం మరిచిపోయింది ఒక్కటే. ఇంటి గేటు ముందు గుడారం కనిపిస్తే, తెలియనివాడు ఏమనుకుంటాడు?

గురువారం మధ్యాహ్నం జుమాకదిర్ బైకె మాంసం బస్తా భుజాన వేసుకుని నా పొయ్యి ముందే బస్సు దిగాడు. రెండడుగులు వేశాడు. ఆగాడు. తన గేటు ముందు గుడారం. గురువారం కాబట్టి శైరకాన్ పోయిన పెద్దల పేరున నూనెలో బోర్సోకులు, అంటే పిండిముద్దలు, వేయిస్తోంది, ఆ వాసన వీధంతా నిండి ఉంది. గిన్నెలమీద గుడ్డలు కప్పుకుని ముగ్గురు ఆడవాళ్లు ఆయన గేటు వైపే వెళ్తున్నారు. గుడారంలో ఉన్నవాళ్లకి అన్నం పట్టుకెళ్తున్నారని ఆయనకేం తెలుసు?

బస్తా జారి నేలమీద పడింది. "బైకె, ఆగండి" అంటూ పిండి చేతులతోనే పరిగెత్తాను. వినిపించుకోలేదు. మగవాళ్లు చావింటికి నడిచే తీరుగా రెండు చేతులూ నడుముకు పెట్టుకుని, వీధి మధ్యలోంచి బావురుమంటూ నడిచాడు.

"నా తోడూ... నలభై రెండేళ్ల నా తోడూ... ఒక్క మాటైనా చెప్పకుండా పోయావే..."

ఆ గొంతుకి కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

గుడారంలో ఎసెన్‌కుల్ విన్నాడు. ఎవరు పోయారో, వచ్చేది ఎవరో ఆయనకు తెలియదు. కానీ గుడారానికి ఏడుస్తూ వచ్చే మనిషిని ఒంటరిగా ఏడవనివ్వకూడదని మాత్రం చిన్నప్పటినుంచీ తెలుసు. కోటు బొత్తాలు పెట్టుకుని, బయటికొచ్చి, కర్రమీద ఆనుకుని తనూ గొంతెత్తాడు. మిగతా ముగ్గురూ వచ్చి పక్కన వరసగా నిలబడి అందుకున్నారు. ఎవరు పోయారో అడగడం తర్వాతి సంగతి. జుమాకదిర్ నేరుగా వచ్చి ఎసెన్‌కుల్‌ని కావలించుకున్నాడు. ఇద్దరూ ఒకరి భుజంమీద ఒకరు ఏడ్చారు.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు జుమాకదిర్ వెక్కుతూ.

"ఇచ్చినవాడే తీసుకున్నాడు. గుండె దిటవు చేసుకో తమ్ముడూ."

"బాధపడిందా?"

"మంచి మనిషికి బాధ ఉండదు."

"మంచిదే. చెడ్డవాణ్ణి నేను. ఊరెళ్లే రోజు సూపులో ఉప్పు లేదని గిన్నె పక్కకి తోసేశాను."

"క్షమించే ఉంటుంది."

"ఉప్పు ఉంది" అని గేటు దగ్గర్నుంచి వినిపించింది. నూనె కారుతున్న జల్లిగరిటె పట్టుకుని శైరకాన్ నిలబడి ఉంది. "అడుగున ఉంది. నువ్వే కలుపుకోలేదు."

జుమాకదిర్ ఆమెను చూశాడు, గుడారాన్ని చూశాడు, తను కావలించుకున్న మనిషిని చూశాడు. అక్కడే కూలబడ్డాడు.

"మరి ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదు ముసలాయనా. వీళ్లు వచ్చారు."

కబురు విని ఎజె ఆదరాబాదరా వచ్చింది. "నీకు చెప్పకుండా వేశాం జుమాకదిర్. తప్పు నాది" అంది. ఆయన అరవడానికి నోరు తెరిచాడు. కానీ చెయ్యి ఇంకా ఎసెన్‌కుల్ చేతిలోనే ఉంది. ఒకరి భుజంమీద ఒకరు ఏడ్చాక, ఆ పూటకి ఆ మనిషిమీద గొంతు లేవదు. లోపలికి వెళ్లి టీ తాగాడు. నేను బస్తా తెచ్చి గుమ్మంలో పెట్టాను.

"నా ఏడుపు సరే, తెలియక ఏడ్చాను" అన్నాడు జుమాకదిర్ చివరికి. "నువ్వెందుకు అంతలా ఏడ్చావు పెద్దాయనా? నీకు మా ఆవిడ తెలీదుగా."

ఎసెన్‌కుల్ టీ కప్పులోకి చూస్తూ అన్నాడు. "మా ఆవిడ పోయినప్పుడు నేను దూరాన పనిలో ఉన్నాను తమ్ముడూ. వచ్చేసరికి గుడారం విప్పేశారు. నిలబడి ఏడవడానికి నాకు చోటు దొరకలేదు. ఇవాళ దొరికింది."

జుమాకదిర్ లేచి వెళుతూ బస్తాలోంచి ఒక తొడ మాంసం తీసి పొయ్యి పక్కన పెట్టాడు. గుమ్మం దాటాక మాత్రం ఎజెతో, "సంతకం సంగతి ఎత్తకు" అన్నాడు.

"సరే" అంది ఎజె.

కాగితం ఇవ్వాల్సిన గడువు రోజు, శుక్రవారం పొద్దున్న, కథ ఇంకోలా తిరిగింది. జుమాకదిర్ వీధిలో బావురుమన్న సంగతి ఊరంతా పాకింది, ఎవరూ పోలేదన్న సంగతి మాత్రం మా వీధి దాటలేదు. మొదట బస్సు డ్రైవర్లు ఆరుగురు నడుముమీద చేతులతో ఏడుస్తూ వచ్చారు. ఎసెన్‌కుల్ బయటికొచ్చి, మర్యాద తప్పకుండా అందుకున్నాడు. జుమాకదిర్ పరిగెత్తుకొచ్చి, "ఉంది, ఉంది, మా ఆవిడ ఉంది" అని చెప్పి పంపేసరికి, అటువైపునుంచి శైరకాన్ చుట్టాలు మొదలెట్టారు.

"ఎలాంటి చెయ్యి, ఎలాంటి వంట, ఎవరినీ ఒక్క మాట అనేది కాదే" అని ఆడపడుచు రాగం తీస్తోంది.

"బయటికొచ్చి కనపడవే" అన్నాడు జుమాకదిర్ తలుపు దగ్గర.

"ఉండు" అంది శైరకాన్ తలుపు చాటునుంచి. "అది నన్ను బతికుండగా ఎప్పుడూ ఇంత పొగడలేదు. పూర్తిగా విననీ."

మధ్యాహ్నం నమాజు వేళకి ఐదు గుంపులు వచ్చి వెళ్లాయి. జుమాకదిర్ చెమట తుడుచుకుంటూ ఎజె దగ్గరికొచ్చాడు.

"ఎజె, ఈ గుడారం తీసెయ్యి. మనిషి బతికుండగానే ఊరంతా కలిసి పాతిపెట్టేస్తున్నారు."

"నిజమే, తీసెయ్యాలి" అంది ఎజె. "తీస్తే వాళ్లెక్కడుంటారు?"

"ఇల్లు కట్టండి."

"ఎక్కడ?"

ఆయన గుడారం వైపు చూశాడు. ఎసెన్‌కుల్ పొద్దుట్నుంచీ చలిలో నిలబడి, ఈయన భార్య కోసం ఐదుసార్లు ఏడ్చి, గొంతు బొంగురుపోయి, అప్పుడే బండమీద కూర్చుంటున్నాడు. కాళ్లకు ఎజె శాలువా ఉంది.

"కాగితం ఉందా నీ దగ్గర?" అన్నాడు జుమాకదిర్.

ఎజె మంగళవారంనుంచీ దాన్ని గుండెల దగ్గర దాచుకునే తిరుగుతోంది. తీసింది. ఆయన గోడకు ఆనించి సంతకం పెట్టాడు. కార్యాలయం మూసేలోగా కెంజెబెక్ తన బండిమీద పట్టుకెళ్లి ఇచ్చి వచ్చాడు.

శనివారం కొలతలు వేశాం. ఎజె ఒక కొస, జుమాకదిర్ ఒక కొస తాడు పట్టుకున్నారు. ఇంత పొడుగు, అంత వెడల్పు అని అందరం తలో మాటా అంటున్నాం. నాలుగు మూలలా మేకులు కొట్టాక జుమాకదిర్ సుత్తి పట్టుకుని ఆగిపోయాడు.

"పెద్దాయనా" అని పిలిచాడు. "తలుపు ఎటు కావాలి?"

ఇన్ని రోజులు ఇంత వాదించుకున్నాం గానీ, ఆ నలుగురినీ మేం ఒక్క మాటైనా అడగలేదని అప్పుడు తట్టింది నాకు. ఎసెన్‌కుల్ కర్ర పట్టుకుని మేకుల మధ్యలోకి వెళ్లి, ఒకసారి చుట్టూ తిరిగి, తూర్పుకి ముఖం పెట్టి నిలబడ్డాడు.

"ఎండ వచ్చేవైపు" అన్నాడు.

"అటు మా గేటు ఉంది. తెల్లారి లేస్తే నా ముఖమే చూడాల్సి వస్తుంది."

"చూస్తాం" అన్నాడు ఎసెన్‌కుల్.

జుమాకదిర్ వంగి, తలుపు మేకులు రెండూ తనే కొట్టాడు.