గులాబీ గోరింకలకు నేను పలికిన స్వాగతం

ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు. మీరు చదవబోయేది ఒక ఘోరం. ఒక పెద్దావిడ పదకొండేళ్ళుగా ఎదురుచూసిన పిట్టను ఆమె కళ్ళ ముందు దించి, ఆమె సరిగ్గా చూసేలోపు బుద్వేల్ దాకా తరిమిన ఘనత నాది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఆ వయసులో తెలియని విషయమంటూ ఉండదు కదా, నాకూ లేదు.

ఆ రోజుల్లో నేను శంషాబాద్‌లో, విమానాశ్రయానికి పోయే దారిలో ఒక హోటల్ రిసెప్షన్‌లో ఉండేదాన్ని. ఉండేదాన్ని అంటే, ఆరు నెలలుగా ట్రయల్ మీద. పర్మనెంట్ చేస్తారో ఇంటికి పంపుతారో దేవుడికే తెలియాలి. నల్ల కోటు మాత్రం ఇచ్చారు, జేబు మీద నా పేరుతో సహా. సాయంత్రం ఆ కోటుతో ఊళ్ళో ఆటో దిగితే, మా బాపు కావాలనే నలుగురిలో నిలబడి "నా బిడ్డ, మమత, హోటల్ల ఆఫీసరు" అనేవాడు. ఆఫీసరేమీ లేదు, గదుల తాళాలు ఇచ్చే పిల్లని. కానీ బాపు ముఖం చూశాక ఆ నౌకరీ పోగొట్టుకోవడం నా వల్ల అయ్యే పని కాదు. ఎలాగైనా పర్మనెంట్ కావాలి. ఈ కథలో నాకున్న ఆశ అదొక్కటే.

ఒకరోజు మా మేనేజర్‌కు కొత్త ఆలోచన వచ్చింది. విమానానికీ విమానానికీ మధ్య ఒక పగలంతా ఖాళీ ఉన్న గెస్టులను చుట్టుపక్కల తిప్పి పక్షుల్ని చూపించాలట. మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టాడు.

"మీలో పక్షుల గురించి ఎవరికి తెలుసు?"

నా బుర్ర ఆలోచించేలోపే నా చెయ్యి లేచింది.

"నాకు తెలుసు సార్. పక్షుల మధ్యనే పెరిగిన."

అబద్ధమేమీ కాదు. మాది జొన్న పండించే ఇల్లు. కంకి పాలు పోసుకునే రోజుల నుంచి కోత దాకా, బడికి ముందూ బడి అయ్యాకా మంచె ఎక్కి పిట్టలు తోలడం నా పని. నాలుగు గుంజల మీద కట్టిన మంచె, దాని మీద జానెడు పిల్లని నేను, చేతిలో తాళ్ళతో అల్లిన వడిసెల. అందులో మట్టిపెళ్ళ పెట్టి గిరగిరా తిప్పి వదిలితే చేను అవతలి గట్టున పడేది. నేను కేక వేస్తే పక్క ఊరి ఎడ్లు కూడా ఆగిపోయేవని మా అమ్మ చెప్పేది. కాబట్టి పక్షుల మధ్య పెరిగిన మాట నిజం. వాటితో యుద్ధం చేస్తూ పెరిగానన్న ముక్కే మేనేజర్‌కు చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా.

"వెరీ గుడ్. మొదటి గెస్టు బాగుందని రాసిస్తే నువ్వే మన గైడు, పర్మనెంట్. రాయకపోతే..." అని ఆగి నా కోటు వైపు చూశాడు.

ఆ మొదటి గెస్టే సుభద్ర గారు. కాకినాడలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. హైదరాబాద్‌లో పెళ్ళికి వచ్చి, మర్నాడు సాయంత్రం విమానానికి తిరిగి వెళ్ళాలి. మెడలో బైనాక్యులర్, సంచిలో నోట్‌బుక్, ముఖంలో ఇప్పుడే ఎక్కాలు అప్పజెప్పమంటారేమో అనిపించే చూపు.

"నాకు అన్నీ అక్కర్లేదమ్మాయ్. గులాబీ గోరింక ఒక్కటి చూపించు చాలు," అన్నారావిడ. "తల, రెక్కలు నలుపు, ఒళ్ళంతా గులాబీ రంగు. చలికాలంలో గుంపులుగా వస్తాయి. పదకొండేళ్ళుగా తిరుగుతున్నాను. నేను వెళ్ళేసరికి చేను కోసేసైనా ఉంటారు, నిన్ననే వెళ్ళిపోయాయండీ అనైనా అంటారు."

నా గుండె ఎగిరి గంతేసింది. ఆ పిట్టలా! మా ఊళ్ళో వాటికి పేరంటూ లేదు, "గుంపు" అంటాం, అంతే. "గుంపొచ్చిందిరో!" అని ఎవరైనా అరిస్తే కంచం ముందు కూర్చున్నవాళ్ళు కూడా ఎంగిలి చేత్తో పరుగెత్తాల్సిందే. ఆ వారమే మా చేను మీద దిగుతున్నాయని బాపు పొద్దున్నా సాయంత్రం తిట్టిపోస్తున్నాడు. ప్లాట్ల రాళ్ళ మధ్య, విమానాశ్రయం గోడకు ఆనుకుని మాకు మిగిలిన రెండెకరాలు. చుట్టుపక్కల కంకి ఉన్నది అక్కడే, ఇక గుంపు ఎక్కడికి పోతుంది?

పరుగున ఇంటికి పోయి బాపు కాళ్ళావేళ్ళా పడ్డాను.

"బాపూ, రేపు ఒక్క పొద్దు గుంపును తోలకు."

"ఏందీ? పిచ్చి గిట్ల లేసిందా నీకు? అరగంట ఇడిస్తే గింజ మిగలది."

"పది నిమిషాలే బాపూ. మేడం సూస్తది, రాసుకుంటది, పోతది. నా నౌకరి గీ పది నిమిషాల మీదనే ఉన్నది."

బాపు చాలాసేపు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. చివరికి "నీ నౌకరి కోసం," అన్నాడు. "పది నిమిషాలంటే పదే. గడియారం సూస్త."

మర్నాడు తెల్లవారగానే హోటల్ కారులో బయలుదేరాం. దారిలో గోదాముల వెనకనున్న కుంట దగ్గర ఆపించాను, నా పాండిత్యం కాస్త రుచి చూపిద్దామని.

"అదేం పిట్టమ్మా, ఆ తీగ మీద?"

"అది మక్కలు తింటుంది మేడం."

"నేను పేరడిగాను."

"పేరు... పేరు తెలియదు మేడం. తిండి తెలుసు."

"సరే. ఆ పక్కది?"

"అది పాపం మంచిది మేడం, పురుగులు తింటుంది, మనకేం నష్టం లేదు. ఆ పచ్చది ఉంది చూశారూ, అది మాత్రం దొంగముండ... క్షమించండి మేడం, అది జామకాయలు కొరికి పడేస్తుంది."

సుభద్ర గారు కలం ఆపి కళ్ళద్దాల మీదుగా నన్ను చూశారు. "నువ్వు పక్షుల గైడువా, పోలీసువా?" అన్నారు. నేను నవ్వాను. నవ్వకుండా ఏం చెయ్యను చెప్పండి!

చేను దగ్గర బాపు మాకోసమే ఉతికిన చొక్కా వేసుకుని మంచె కింద నిలబడ్డాడు. చేతిలో మాత్రం వడిసెల. నేను ఎగిరి దాన్ని లాక్కున్నాను. అలవాటైన చెయ్యి, ఎప్పుడు తిప్పేస్తుందో నమ్మకం లేదు. ఏం చెయ్యాలో తెలియక నా చేతికే చుట్టుకున్నాను. దయచేసి ఇక్కడ నవ్వకండి, నేను చెప్పేది ఇంకా పూర్తి కాలేదు.

"కూసోండ్రి అమ్మా," అని బాపు మేడంకు గోనెపట్టా పరిచాడు. "గా దొంగలను సూడనీకి గింత దూరం వచ్చిండ్రా?"

"దొంగలేమిటండీ! అవి ఎక్కడినుంచి వస్తాయో తెలుసా? ఎడారులు దాటి, కొండలు దాటి, దేశాలు దాటి వస్తాయి."

"అన్ని దేశాలు దాటి నా రెండెకరాల మీదికే రావాల్నా అమ్మా?" అన్నాడు బాపు, నిజంగానే బాధపడుతూ.

సుభద్ర గారు నవ్వేశారు. నోట్‌బుక్ తెరిచి కొత్త పేజీలో ముందే తేదీ వేసుకున్నారు. "ఒక్క మనవి. అవి దిగాక ఎవరూ చప్పుడు చెయ్యకూడదు. ఊపిరి కూడా మెల్లగా పీల్చండి."

"నేను చూసుకుంటాను మేడం," అన్నాను. నా దృష్టంతా బాపు మీదే. ఆయన నోటి నుంచి "హో" అన్న మాట వస్తే నా బతుకు బస్టాండే. బాపుకే తన మీద తనకు నమ్మకం లేనట్టుంది, తువ్వాల మడిచి నోట్లో కుక్కుకున్నాడు.

ఎండ కొద్దిగా పొడిచాక వచ్చాయి. ముందు గోడ అవతల ఆకాశంలో నల్లటి మరక, అది సాగింది, ముడుచుకుంది, ఒక్కసారి మా తలల మీదుగా తిరిగి కంకుల మీద వాలింది. నిజం చెబుతున్నాను, నేను అన్నేళ్ళు తోలాను గానీ ఒక్కనాడూ చూడలేదు. పసుపు కంకి మీద గులాబీ పిట్ట, ఎన్ని కంకులో అన్ని పిట్టలు. ఎంత అందంగా ఉన్నాయనుకున్నారు! సుభద్ర గారు బైనాక్యులర్ ఎత్తి, చక్రం తిప్పుతూ, "అబ్బ... అబ్బ..." అంటున్నారు, ఇంకా అందులో ఏమీ ఆనలేదు.

బాపు వైపు చూశాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నోట్లో తువ్వాల, అయినా కదల్లేదు. నా కోసం కడుపు కట్టుకుని కూర్చున్నాడు మా బాపు. గర్వంతో నా ఛాతీ కోటులో పట్టలేదు. నౌకరి ఖాయం అనుకున్నాను.

అప్పుడు వినపడింది ఆ చప్పుడు. వందల ముక్కులు ఒకేసారి గింజలు ఒలిచే చప్పుడు, చిటచిటచిటమని. ఆరో ఏట నుంచి నా చెవులకు తెలిసిన చప్పుడు అది. తర్వాత ఏం జరిగిందో నన్నడక్కండి, నేనక్కడ లేను. నా కాళ్ళు లేచాయి, కాలి కింది మట్టిపెళ్ళ చేతిలోకి వచ్చింది. నా చేతికున్న వడిసెల దానంతట అదే తిరిగింది.

"హోఓఓఓయ్! హా! హా! మీ పాడుగానూ! హోఓఓయ్!"

మట్టిపెళ్ళ చేను నడిమధ్యన పడింది. భూమి లేచినట్టు గుంపు లేచింది. ఒక్క పిట్ట మిగల్లేదు. రెక్కల గాలి మా ముఖాలకు కొట్టింది. క్షణంలో ఉత్తరానికి, రాజేంద్రనగర్ దగ్గరి బుద్వేల్ వైపు, చుక్కలై పోయాయి. నేను మాత్రం కోటు చేతులు మోచేతుల దాకా ఎక్కి, జుట్టు విడిపోయి, ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను.

బాపు నోట్లోంచి తువ్వాల తీశాడు. "శెబ్బాస్ బిడ్డా!" అని అరిచి, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

సుభద్ర గారు మెల్లగా బైనాక్యులర్ దించారు. "ఇప్పుడే కుదిరిందమ్మా, సరిగ్గా ఇప్పుడే," అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఇది చాలదన్నట్టు అదే సమయానికి గోడ పక్క బాటలో ఒక మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. మెరిసే పసుపు జాకెట్టు వేసుకున్న మనిషి దిగాడు. తర్వాత తెలిసింది, పేరు నర్సింగ్.

"ఎవలు గా కేక ఏసింది?" అన్నాడు గట్టిగా.

ఇంకో కేసు మీద పడిందనుకుని హడలిపోయాను. సిగ్గు లేకుండా నా వేలు బాపును చూపించింది. బాపు ఒక్క క్షణం నన్ను చూసి, "నేనే సారూ, నేనే," అని ముందుకొచ్చాడు.

"అబద్ధం!" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. "వేసింది ఈ అమ్మాయి. నేను సాక్షిని."

నర్సింగ్ నన్ను కిందికీ పైకీ చూసి, "మైకు లేదా? పటాకులు గాల్చలేదా? ఉత్త గొంతేనా?" అని అడిగి, నా ఫోన్ నంబరు రాసుకుని వెళ్ళిపోయాడు. సుభద్ర గారు తిరుగు ప్రయాణమంతా కిటికీలోంచి బయటికే చూశారు.

ఆవిడ రాసిన కాగితం మేనేజర్ నా ముందే చదివాడు. "కారు శుభ్రంగా ఉంది. ఉప్మా బాగుంది. దయచేసి ఈ అమ్మాయిని ఇంకే పక్షి దగ్గరికీ పంపకండి."

"అసలు పక్షి కనపడిందా లేదా?"

"కనపడింది సార్."

"మరి?"

"తర్వాత కనపడలే."

కోటు విప్పి బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆటోలో ఊరొచ్చేదాకా ఏడ్చాను. బాపు మాత్రం "అన్నం తిను బిడ్డా" అన్నాడు.

మూడో రోజున నర్సింగ్ ఫోన్ చేశాడు.

"చెల్లే, మాది రన్‌వే దిక్కు పిట్టలు రాకుంట జూసే పని. గా గుంపుతోని మస్తు పరేషాన్ ఉన్నం. సైరన్ గొడితే పోతయి, చాయ్ తాగొచ్చేలోపల మళ్ళొస్తయి. నువ్వు తోలినంక మూడొద్దుల సంది ఒక్కటి గిట్ల రాలే. మా కాంట్రాక్టరు నిన్ను చూడాల్నంటుండు. నౌకరి జేస్తవా?"

అలా, పిట్టల్ని చూపలేక ఉద్యోగం పోయిన వారానికే పిట్టల్ని తోలే ఉద్యోగం వచ్చింది. పర్మనెంట్. ఇప్పటికీ అదే చేస్తున్నాను.

కానీ ఆ మరుసటి చలికాలం అసలు గొడవ మొదలైంది. బాపు గోడకు అటు తోలితే గుంపు నా వైపు, నేను తోలితే గుంపు బాపు జొన్న మీదికి.

"బాపూ, గుంపును ఇటు ఎందుకు తోల్తున్నవ్?" అని ఫోన్‌లో అరిచాను.

"నువ్వెందుకు నా మీదికి తోల్తున్నవ్? అయినా ఏడ నిలబడ్డవే నువ్వు?"

"గోడ ఇవతల గడ్డిల. నీ మంచె నాకు సక్కగ ఎదురుంగనే కనపడ్తున్నది."

బాపు మెల్లగా అన్నాడు. "మంచె ఎదురుంగనా? అయితే నువ్వు నిలబడ్డది మన పెద్ద చెల్కనే బిడ్డా. గోడ రాకముందు గీ రెండెకరాలు, గదీ ఒకటే చేను. మీ తాత మంచె గడ్నే ఉండె."

గడ్డి వంక చూశాను. నా కాళ్ళ కింద జొన్న లేదు, గట్టు లేదు. ముక్కు ఎగబీల్చాను.

"ఇగ ఏడుస్తవేందే," అన్నాడు బాపు, తనూ ముక్కు చీదుకుంటూ. "ఇద్దరం ఒక్కసారే కేక ఏద్దాం, బుద్వేల్ దిక్కు. ఒక్కటి... రెండు..."

గోడకు అటొకరం ఇటొకరం వేసిన ఆ కేకకు గుంపు మళ్ళీ ఆ సీజన్లో కనపడలేదు.

కాబట్టి అందరి ఎదుటా, నా గొంతు మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో ఎవరికీ ఏ పిట్టనూ చూపించను. మీకు గులాబీ గోరింకను చూడాలని ఉంటే సంతోషంగా వెళ్ళి చూసుకోండి. మా చేను వైపు మాత్రం రాకండి, అక్కడ తండ్రీబిడ్డలం ఇద్దరం డ్యూటీలో ఉన్నాం.