కరెంటు కుంపటి మిస్త్రీ

మా ఇంజను మిస్త్రీ పోయాడు. పల్లీల బేరానికని గద్వాల పోయివచ్చిన మిల్లు గుమాస్తా, పదిహేను రోజుల కిందట దవాఖాన గేటు దగ్గర నిలబడి నాకీ సంగతి చెప్పాడు.

"నర్సమ్మా, మన పాత మిస్త్రీ పోయిండంట. నాలుగు దినాలు జరమొచ్చిందంట, అంతే."

నేను నోరు తెరిచేలోగా, పక్కనున్న హమాలీకి తెలియాలని ఇంకో మాట కలిపాడు. "గాయననే, కరెంటు కుంపటి పెట్టి దవాఖానకు నిప్పంటించిండు సూడు, గా మిస్త్రీ."

చచ్చిపోయిన మనిషిని ఊరు ఇలా గుర్తుపెట్టుకుంది! ఆ గుమాస్తా చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. కానీ పగలాల్సిన చెంప నాదే. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివేవాళ్లు నన్ను తిట్టుకున్నా సరే, ఆయన్ని మాత్రం తిట్టుకోవద్దు.

మాది నాగర్‌కర్నూలు. ఊరి చివర నూనె మిల్లు, దాన్ని ఆనుకుని మిల్లు సేటు కట్టించిన ఆరు మంచాల కానుపుల దవాఖాన. మొగుడు పోయాక హైదరాబాదులో నర్సు పని నేర్చుకుని వచ్చి ఇక్కడే ఉండిపోయాను. నాకు నోరెక్కువని పేరు. కోడలికి పథ్యం పేరు చెప్పి కడుపు మాడ్చే అత్తల్నీ, బీడీ తాగుతూ కానుపు గదిలోకి తొంగిచూసే మగవాళ్లనీ ఆ నోటితోనే తరిమాను. మిస్త్రీ మిల్లు ఇంజను చూసేవాడు. ఆ ఇంజనుకు తగిలించిన డైనమోతోనే మాకు కరెంటు. తెల్లవారుజామున మిల్లు కూత కూస్తే వచ్చేది, మాపటికి పోయేది.

ఎండుగడ్డిలా సన్నటి మనిషి. దవాఖానలోకి వస్తే ముందు పలకరించడు, ముందు వాసన చూస్తాడు. గుమ్మంలో నిలబడి ముక్కు పైకెత్తి, ఒక్కో గదికీ తిరిగి, అప్పుడు "బాగున్నవా నర్సమ్మా" అంటాడు. "ఏంది మిస్త్రీ, మా ఇంట్ల కూరొండుతున్నమా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు. "వాసన ముందొస్తది. ఆ తర్వాత పొగ. నిప్పు ఆఖరుకు. వాసన కాడనే లేవాలె మనం" అనేవాడు. ఏ తీగ ముట్టుకోవాలన్నా ముందు చేతి వెనక భాగం తాకించేవాడు. అరచెయ్యి అయితే కరెంటు కొట్టినప్పుడు ముడుచుకుని తీగను గట్టిగా పట్టుకుంటుందట, విడవదట. పెళ్లయిన కొత్తలో ఆయన కళ్ల ముందే ఒక పనివాడు అలాగే పోయాడని ఎప్పుడో ఒకసారి చెప్పాడు, మళ్లీ ఎత్తలేదు.

ఒక ఏడు చలికాలానికి ముందు సేటు బొంబాయి నుంచి నాలుగు కరెంటు కుంపట్లు తెప్పించాడు. ఇనుప పెట్టె, లోపల మట్టి దిమ్మకు చుట్టిన తీగ, స్విచ్చి వేస్తే తీగ ఎర్రగా కాలుతుంది. పొగ లేదు, బూడిద లేదు. కుంపటి పొగకు ఉక్కిరిబిక్కిరయ్యే పసిగుడ్డల్ని చూసి చూసి ఉన్నదాన్ని, నాకైతే పండగే అయింది. మిస్త్రీ మాత్రం ఆ పెట్టె ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు.

"గిది కుంపటి కాదు నర్సమ్మా" అన్నాడు చివరికి.

"మరేంది, ఏనుగా?"

"మీ గదులల్ల గంపలున్నయి గదా. దాని సంగతేంది?"

మా వైపు బాలింత గదిలో కుంపటి పెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన వెదురు గంప బోర్లిస్తారు. ఆ గంప మీద పొత్తిగుడ్డలు ఆరేస్తారు. వెచ్చగా, వాసనగా ఆరతాయి. మా అమ్మ అలాగే చేసింది, వాళ్లమ్మా అలాగే చేసింది. అందులో ఏముందో నాకు అర్థం కాలేదు.

"కుంపటి మీద గంప బోర్లించి గుడ్డలేస్తే గాలాడక నిప్పు జర మందగిస్తది. బూడిద పడితే ఇంకింత మందగిస్తది" అన్నాడు. "దీనికి గాలితోని పనేంది? నువ్వేం కప్పినా దీనికి తెల్వదు. వేడి బయటికి పోనీకి తొవ్వ లేక లోపల్నే పెరుగుతది. మూస్తే కుంపటి సల్లారుతది. గిది మండుతది."

"నేను లేనా? బాలింతల ఎంబడి వచ్చే ముసలమ్మలకు నేను చెప్త."

"చెప్తవు. వాళ్లు వింటరు గూడ. నువ్వు అటు పోంగనే చేతులు వాటి పని అవి చేసుకుంటయి."

ఆ పెట్టెల్ని గదుల్లో పెట్టనివ్వలేదు ఆయన. ఇంజను కొట్టంలో పెట్టుకుని రెండు నెలలు కుస్తీ పట్టాడు. ఇత్తడి రేకు, ఇనుప రేకు జతచేసి రివిట్లు కొట్టి వేలెడంత పట్టీ చేశాడు. వేడెక్కితే ఇత్తడి ఇనుముకన్నా ఎక్కువ సాగుతుంది, అప్పుడు పట్టీ ఇనుము వైపు వంగుతుంది. ఆ వంగడంతో తీగకు అంటుకుని ఉన్న కొస ఊడి కరెంటు ఆగిపోతుంది. చల్లబడితే మళ్లీ నిటారై అంటుకుంటుంది. ఇంతే. చెప్పడానికి ఇంతే గానీ, మొదటి పట్టీలు వంగాల్సినప్పుడు వంగలేదు. గంప బోర్లించి, గోనెపట్టా కప్పి, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకుని చూస్తూ కూర్చునేవాడు. కొట్టంలోంచి మాడువాసన వచ్చిన రోజున ఆయన అన్నానికి లేచేవాడు కాదు. రవ్వలకు రాగి కొస కాలిపోతుంటే, కొత్తవి చేయిస్తానని భార్యకు చెప్పి ఆమె వెండి మెట్టె ముక్క కోసి ఆ కొసకు అతికించాడు. దాంతో కుదిరింది. కప్పిన కాసేపటికి లోపల 'టక్' మనేది, ఎర్రదనం నల్లబడేది. అప్పుడే ఆ నాలుగూ మా గదుల్లోకి వచ్చాయి. కరెంటు లేని రాత్రిళ్లు మాత్రం పాత నిప్పుల కుంపటే.

పుష్యమాసంలో తిమ్మాజిపేట నుంచి ఒక కూలి మనిషి వచ్చింది. మూడు కానుపులు పోయాక నాలుగోది, అదీ ఏడో నెలలోనే. నా అరచేతిలో సరిపోయేంత ఆడపిల్ల. గదిలో వెచ్చదనం తగ్గితే చాలు, పాదాలు నీలం పడేవి. మిస్త్రీ భయంతో పట్టీని మరీ నాజూగ్గా పెట్టాడు. పెట్టె కాస్త కాలగానే టక్ మని ఆరిపోయేది. మళ్లీ అంటుకునేలోగా గది చల్లబడేది. నేను కొట్టానికి పోయి నా నోరంతా చూపించాను.

"నీ పట్టీ నా బిడ్డను సంపుతది!"

"రెండు దినాలు ఓపిక పట్టు తల్లీ. మిల్లుకు సెలవు రానీ, ఇప్పి సరిచేస్త" అన్నాడు.

రెండు రోజులు ఆ పాదాలు ఆగుతాయా? ఆ మధ్యాహ్నమే పెట్టె వెనక రేకు తీసి, పట్టీ వంగకుండా దాని వెనక వేపపుల్ల ముక్క దోపాను. పెట్టె ఆరకుండా కాలింది. బిడ్డ పాదాలు ఎర్రబడ్డాయి. ఎంత తెలివిగలదాన్నో అని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున కూత కూసి కరెంటు వచ్చింది. అప్పుడే బిజినేపల్లి నుంచి ఎడ్లబండిలో ఇంకో కానుపు వచ్చింది. నేను అటు పోయాను. ఇటు బిడ్డ అమ్మమ్మ తడి పొత్తిగుడ్డలు పిండి, మూలనున్న గంప తెచ్చి, ఆ పెట్టె మీద బోర్లించి, గుడ్డలు కప్పి, ముఖం కడుక్కోవడానికి బయటికి పోయింది. వద్దని నేను నాలుగుసార్లు చెప్పాను. ఆమె నాలుగుసార్లూ తలూపింది.

నాకు వాసన రాలేదు. మిస్త్రీకి వచ్చింది. ఇంజను కొట్టంలోంచి ఆయన పరుగెత్తుకొచ్చేసరికి గంప మండుతోంది. పక్క చాప కొస అంటుకుంది. బాలింత బిడ్డను ఎదకు అదుముకుని గోడకు అతుక్కుపోయింది. వెనకచెయ్యీ లేదు, ముందుచెయ్యీ లేదు, రెండు చేతులతో ఆ గంపను పట్టుకుని వాకిట్లోకి విసిరేశాడు. తీగ పీకేశాడు. చాప తొక్కి ఆర్పాడు. బిడ్డకు ఏమీ కాలేదు. ఆయన కుడి అరచేతి తోలు గంపతోనే పోయింది.

ఆ చేత్తోనే పెట్టె వెనక రేకు తీశాడు. పుల్ల ముక్క చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. పుల్ల తీసి జేబులో వేసుకున్నాడు.

సేటు వచ్చాడు. "మిస్త్రీ, నీ పట్టీ పనిచెయ్యలేదా?"

"చెయ్యలే సేట్."

నేను అక్కడే ఉన్నాను. ఊరందరినీ నోటితో తరిమే మనిషిని, రెండు మాటలు చెప్పలేకపోయాను. చెప్తే ఉద్యోగం పోతుంది, నీడ పోతుంది. అదీ నా భయం.

వారం తర్వాత ఆయన్ని పనిలోంచి తీసేశారు. గద్వాల పోయే బస్సు దగ్గరికి పోయాను. చేతికి కట్టుంది. "ఎందుకట్ల చెప్పినవు?" అని ఏడ్చాను.

"ఇంజనుకు ఇంకొగడు దొరుకుతడు. నువ్వు పోతే గీ చుట్టుపక్కల కానుపులకు ఎవరున్నరు?" అన్నాడు. తర్వాత, నన్ను ఓదార్చడానికి కాదు, నిజంగానే అదే ఆలోచిస్తున్నట్టు అన్నాడు: "పుల్ల పెట్టే అవసరం నీకొచ్చిందంటే తప్పు నా పనిల ఉన్నది. పూర్తిగ ఆర్పొద్దు. సగం చెయ్యాలె. సగం వెచ్చగుంటే ఎవరు పుల్ల పెడ్తరు? మీదికి వాలుగ గూన పెట్టాలె, గంప నిలవకుంట." బస్సు ఎక్కుతూ మాత్రం ఒకటి అడిగాడు. "సేటు పట్టీ లేనివి తెప్పిస్తడు. ధైర్యం వచ్చినప్పుడు నిజం చెప్పు. నా కోసం గాదు."

నాకు ధైర్యం రాలేదు. రెండు చలికాలాలు గడిచాయి.

చావు కబురు విన్న మర్నాడు వనపర్తి రోడ్డు స్టేషనుకు పోయి గద్వాల రైలెక్కాను. ఆయన భార్య చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి ఏడ్చింది. "అక్కా, ఆయన పట్టీ ఎందుకు పనిచెయ్యలేదని ఎవరడిగినా జవాబు చెప్పకపోతుండె. దాని మీదనే కుంగిపోయిండు" అంది.

అప్పుడు చెప్పాను. పుల్ల సంగతి, నా నోరు లేవని సంగతి, అంతా చెప్పాను. ఆమె చేతులు బియ్యంలోనే ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను.

"ఇప్పుడు ఆడ ఏమున్నయి?" అంది.

"ఈ చలికి బొంబాయి నుంచి కొత్తవి నాలుగొచ్చినయి."

"వాటికి పట్టీ ఉన్నదా?"

"లేదు."

"నువ్వు ఈడున్నవు. ఆడ ఎవరున్నరు?"

"ఆయా ఉన్నది."

ఆమె లేచి లోపలికి పోయి ఒక పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పైన ఇంటికప్పులా వాలుగా గూన, లోపల రెండు తీగలు, ఒకదానికే పట్టీ. వేడి మించితే ఒకటి ఆరి, రెండోది సన్నగా కాలుతుందట. వాళ్లింట్లో కరెంటే లేదు. అక్కడి మిల్లులో పెట్టి చూసుకుని, మళ్లీ మోసుకొచ్చి దాచాడట. "తీస్కపో. ఏడ్చుడు తర్వాత ఏడుద్దువు. బండికి టైమైతుంది, లే" అంది.

వచ్చినరోజే సేటు దగ్గరికి పోయి మొత్తం చెప్పాను. రెండేళ్ల నుంచి దాచింది బయటపెట్టాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత జాలిగా నవ్వాడు.

"పోయినోని మీద మచ్చ ఉండొద్దని నీ మీద ఏసుకుంటున్నవు నర్సమ్మా. మంచి మనసే. గానీ నా ముందర వాడే ఒప్పుకున్నడు గదా."

ఒట్టు పెట్టాను. వెనక రేకు ఎలా తీశానో చేతులతో చూపించాను. పో, పోయి పనిచూసుకో అన్నాడు. మిస్త్రీ చేసిన వస్తువు తన దవాఖాన గడప తొక్కొద్దన్నాడు. గూన పెట్టె నా గదిలో మంచం కింద ఉంది.

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు చెప్పాను. ఇప్పుడు నన్ను చూస్తేనే గుమాస్తా పక్కకు తప్పుకుంటున్నాడు, మిస్త్రీ మీద బెంగతో నర్సమ్మకు మతి చలించిందని. అందుకే మీకు రాస్తున్నాను. సేటును ఎరిగినవాళ్లెవరైనా ఇది చదివితే ఆయనకు చెప్పండి. ఆ పట్టీ చెడిపోలేదు. నేను చెడగొట్టాను.

కొత్త పెట్టెల్ని ఆర్పేద్దామంటే రెండో మంచం మీద నెలలు నిండని బిడ్డ ఉంది, బయట పుష్యమాసం చలి. ఆరు మంచాలూ నిండి ఉన్నాయి. కాసేపటి కిందట కూత కూసింది. నాలుగు పెట్టెలూ ఎర్రబడ్డాయి. ముసలమ్మలు తడిగుడ్డలు పిండుకుని ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. గదుల తలుపులన్నీ బార్లా తెరిచి, నాలుగూ కనబడేలా స్టూలు నడవలోకి జరుపుకుని, ఒళ్లో కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఇందాకటి నుంచి దాహంగా ఉంది. నీళ్ల కుండ వరండాలో ఉంది.